స్వల్పకాలిక సంబంధములు: ఇస్లామీయ నీతి – మనస్తత్వ శాస్త్రము

చింతామణి తాలూకా మురుగమల్ల గ్రామమున ఒక దర్గా గలదు. జనులు దానిని అమ్మాజాన్–బావాజాన్ దర్గా యని పిలుతురు. తెలుగు, కన్నడము, దక్కనీ ఉర్దూ పలుకు హిందువులును ముస్లిములును అచటికి వచ్చి మ్రొక్కులు చెల్లింతురు. మనోవ్యాకులత పాలైనవారిని వెంటబెట్టుకొని వచ్చు కుటుంబములును గలవు. దక్కనీ పలుకుబడిలో అమ్మా యనగా తల్లి, బావా యనగా తండ్రి. మనసు చెదరినవారు ఊరట వెదకుకొనుచు వచ్చు తావునకు ప్రజల నోట తల్లిదండ్రుల పేరు నిలిచియుండుట అర్థవంతముగా నున్నది. ఇంటి బంధమునకును మనశ్శాంతికిని గల పొత్తును గ్రంథములు చెప్పకమునుపే లోకము గ్రహించియున్నది.

చింతామణి, చిక్కబళ్ళాపురము, బాగేపల్లి ప్రాంతముల యువజనులు నేడు చదువులకును ఉద్యోగములకును బెంగుళూరునకు పోవుచున్నారు. చింతామణికి బెంగుళూరు సుమారు 75 కిలోమీటర్లు. కాని పుట్టినింటికిని పట్టణపు అద్దెగదికిని నడుమ గల దూరము అంతకంటె మిక్కిలి యెక్కువ. అచట సెల్‌ఫోను మూలమున పరిచయము కలుగును. కొన్ని వారములలో దానికి ప్రేమయను పేరు వచ్చును. కొన్ని నెలలలో ముగిసిపోవును. ఇది చూచి పెద్దలు కొందరు కాలము చెడినదందురు. యువకులు కొందరు ఇది క్రొత్తకాలపు స్వేచ్ఛ యందురు. ఉభయులును ఒక విషయమున పొరబడుచున్నారు. స్వల్పకాలిక సంబంధము క్రొత్తది కాదు. దానికి తెలుగునాట రెండు వందల యేండ్లకు పైబడిన లిఖిత చరిత్ర గలదు. ఆ చరిత్రను ఇస్లామీయ నీతిశాస్త్రము యొక్కయు ఆధునిక మనస్తత్వ శాస్త్రము యొక్కయు వెలుగులో పరిశీలించినచో ఒక ప్రశ్న స్పష్టమగును. సంబంధము త్వరగా ముగియుట దోషమా? లేక ముగింపును మనసున దాచుకొని మొదలుపెట్టుట దోషమా?

ఒడంబడికయు నియ్యతును

ఇస్లామునందు వివాహము సంస్కారము కాదు, ఒడంబడిక మాత్రమే యని సాధారణముగా చెప్పుదురు. ఇది సగము నిజము. ఒకరు కోరుట, మరియొకరు అంగీకరించుట, సాక్షులు, మహర్ అను స్త్రీధనము – ఇవి నిఖా యొక్క అంగములు. మహర్ భార్యకే చెందవలెను. ఆమె తండ్రికి గాని అన్నదమ్ములకు గాని దానిపై హక్కు లేదు. ఇంతవరకు ఒడంబడిక లక్షణములే. కాని ఖురాను ఈ ఒడంబడికను మీసాఖె గలీజ్, అనగా దృఢమైన ప్రమాణము అని పేర్కొనినది. ప్రవక్తలనుండి దేవుడు గైకొన్న ప్రమాణమునకును ఆ గ్రంథము అదే పదమును వాడినది. కావున ఇది అంగడిలోని కొనుగోలు పత్రము వంటిది కాదని తెలియుచున్నది. దంపతులను ఒకరికొకరు వస్త్రము వంటివారని పోల్చుటయు, దాంపత్య ఫలముగా మనశ్శాంతి, అనురాగము, దయ అను మూడింటిని చెప్పుటయు ఈ భావమునే బలపరచుచున్నవి.

ఐనను ఇస్లాము వివాహమును విడరాని ముడిగా చేయలేదు. భర్తకు తలాకు, భార్యకు ఖులా గలవు. పొరపొచ్చెములు వచ్చినపుడు భర్త పక్షమున ఒకరిని, భార్య పక్షమున ఒకరిని మధ్యవర్తులుగా నియమింపవలెనని ఖురాను ఆదేశించినది. విడాకులైన స్త్రీ మూడు ఋతుకాలములును, భర్త మరణించిన స్త్రీ నాలుగు మాసముల పది దినములును ఇద్దత్ పాటింపవలెను. ఇద్దత్ కాలమున ఆమెకు నివాసము కల్పించుట భర్తకు విధి. గర్భము గలదో లేదో తేలుటకు మాత్రమే ఈ వ్యవధి యేర్పడినదనుట చాలదు. కోపము చల్లారుటకును పునరాలోచనకును కూడ ఇది అవకాశము. ముగింపునకు సైతము ఒక మర్యాద, ఒక కాలపరిమితి, ఒక బాధ్యత యుండవలెనన్నది దీని యంతరార్థము. బాధించుటకై భార్యను పట్టియుంచుటను అదే గ్రంథము తీవ్రముగా నిషేధించినది.

ముందే గడువు పెట్టుకొను వివాహముల సంగతి వేరు. ఇస్లామునకు పూర్వపు అరేబియాలో పలువిధములైన స్త్రీ పురుష సంబంధములు వాడుకలో నుండెడివని ప్రవక్త సతి ఆయిషా తెలిపినట్లు బుఖారీ సంకలనమున గలదు. ముతా యనబడు గడువు వివాహము ఇస్లాము తొలినాళ్లలో కొంతకాలము అనుమతింపబడి, పిదప నిషేధింపబడినదని సున్నీల నాలుగు శాఖలును అంగీకరించుచున్నవి. ఇస్నా అషరీ షియాలు మాత్రము అది నేటికిని ధర్మసమ్మతమే యని భావింతురు. వారిలోను దానికి గడువు, ప్రతిఫలము, ఇద్దత్, సంతానపు హక్కులు అను నియమములు గలవు. ఇరానులో సీఘా యను పేర సాగుచున్న ఈ ఆచారమును గూర్చి షహలా హాయెరీ 1989లో వెలువరించిన గ్రంథము ప్రసిద్ధము. ఈ భేదాభిప్రాయము శాఖల నడుమ ప్రాచీనకాలమునుండి వచ్చుచున్నది. దానిని తీర్చుట ఈ వ్యాసపు ఉద్దేశము కాదు. గమనింపవలసినదేమనగా, ముతాలో గడువు ఉభయులకును తెలియును.

అసలు చిక్కు మరియొక చోట నున్నది. పత్రమున గడువు లేదు. వరుడు శాశ్వత వివాహమువలెనే నిఖా చేసికొనును. కాని కొలది దినములలో విడిచిపెట్టవలెనని మనసున నిశ్చయించుకొనియుండును. ఇట్టి నిఖా చెల్లునా? దాగిన తలంపును న్యాయాధికారి చూడజాలడు కావున పైకి ఒడంబడిక చెల్లునని పెక్కుమంది పూర్వ న్యాయవేత్తలు తీర్మానించిరి. 8వ శతాబ్దమున సిరియా దేశపు న్యాయవేత్త ఔజాయీ మాత్రము ఇది ముతాయే యని వాదించెను. ఇతరులు చెల్లుననుటకు కారణము దానిని మెచ్చుకొనుట కాదు. హృదయమును శోధించు అధికారము న్యాయస్థానమునకు లేదనుటయే. హృదయమున నున్నదానికి లెక్క చెప్పవలసినది దేవుని యెదుట. కర్మలన్నియు నియ్యతును, అనగా సంకల్పమును, బట్టియే యుండునని బోధించు హదీసును బుఖారీ తన సంకలనమునకు మొట్టమొదట నిలిపెను. ఇచట ఫిఖ్‌హ్ అను న్యాయశాస్త్రమును అఖ్లాఖ్ అను నీతిశాస్త్రమును వేరగుచున్నవి. చెల్లుట వేరు, మంచిదగుట వేరు.

ఇటీవలి కాలమున సౌదీ అరేబియాలోను గల్ఫు దేశములలోను ప్రబలిన మిస్యార్ వివాహమును గూర్చియు ఇట్టి చర్చయే జరిగినది. ఇందు భార్య సహనివాసము, పోషణము మొదలైన హక్కులను కొన్నింటిని తానే వదలుకొనును. మక్కాలోని ఇస్లామీయ ఫిఖ్‌హ్ పరిషత్తు 2006లో దీనిని చెల్లుబాటగునదిగా పేర్కొనినది. ఐనను ఇది వివాహపు లక్ష్యమును నెరవేర్చునా యను సందేహము పండితులలోనే నిలిచియున్నది.

ఖైరున్నీసా కథ

ఈ విచారమునకు తెలుగునాటి చరిత్రలో ఒక గొప్ప నిదర్శనము గలదు. జేమ్స్ అకిలీస్ కర్క్‌ప్యాట్రిక్ 18వ శతాబ్దాంతమున హైదరాబాదులో ఈస్టిండియా కంపెనీ తరపున రెసిడెంటుగా నియమితుడయ్యెను. ఆ కాలమున కంపెనీ ఉద్యోగులు పెక్కుమంది దేశీయ స్త్రీలతో కాపురములు పెట్టుట సామాన్యము. వానిలో కొన్ని యావజ్జీవము నిలిచినవి. పెక్కు ఉద్యోగి ఊరు మారినంతనే, లేక ఇంగ్లండునకు ఓడ యెక్కినంతనే ముగిసినవి. కర్క్‌ప్యాట్రిక్ వలచినది సామాన్య స్త్రీని కాదు. ఖైరున్నీసా హైదరాబాదు ప్రభువర్గములోని పారశీక మూలపు కుటుంబమున పుట్టినది. నిజాము మంత్రులలో ప్రముఖుడైన మీర్ ఆలమునకు బంధువు. ఆమె కొరకు కర్క్‌ప్యాట్రిక్ ఇస్లామును స్వీకరించి, 1800–01 ప్రాంతమున రహస్యముగా నిఖా చేసికొనెను. ఈ సంగతి పొక్కగా గవర్నరు జనరలు వెల్లెస్లీ విచారణ జరిపించెను. కర్క్‌ప్యాట్రిక్ పదవి ఊగిసలాడినది. కాని ఆతడు భార్యను విడువలేదు.

వారికి 1801లో కొడుకు, 1802లో కూతురు పుట్టిరి. రెసిడెన్సీ ఆవరణలో భార్యకై ఆతడు రంగమహలు అను అంతఃపురమును కట్టించెను. కోఠీలోని ఆ రెసిడెన్సీ భవనము తరువాతి కాలమున మహిళా కళాశాలకు నెలవైనది. 1805లో పిల్లలనిద్దరిని చదువులకై ఇంగ్లండునకు పంపిరి. ఓడ యెక్కుటకు ముందు మద్రాసులో జార్జి చినరీ అను చిత్రకారుడు మొగలాయి దుస్తులలో ఉన్న ఆ చిన్నారుల చిత్రమును వ్రాసెను. తల్లి వారిని మరల చూడలేదు. ఆ సంవత్సరమే అక్టోబరు 15వ తేదీన కర్క్‌ప్యాట్రిక్ కలకత్తాలో జబ్బుచేసి మరణించెను. దాంపత్యము నాలుగైదేండ్లకే ముగిసినది. ఖైరున్నీసాకు అప్పటికి ఇరువది యేండ్లు నిండలేదని చెప్పుదురు.

కాలమును బట్టి చూచినచో ఇది స్వల్పకాలిక బంధమే. కాని దానిని అట్లని యెవ్వరును అనజాలరు. దానిని త్రుంచినది మృత్యువు. నియ్యతులో లోపము లేదు.

దాని తరువాత జరిగినది వేరు. 1806లో ఖైరున్నీసా భర్త సమాధిని దర్శించుటకై కలకత్తాకు ప్రయాణమై పోయెను. కర్క్‌ప్యాట్రిక్ వద్ద పనిచేసిన హెన్రీ రస్సెల్ అను యువోద్యోగి అచట ఆమెకు అండగా నిలిచెను. శోకమున నున్న ఆమెకు ఆతని సాంత్వనము క్రమముగా సాన్నిహిత్యమైనది. నిఖా లేదు, స్పష్టమైన వాగ్దానము లేదు, ఏ నిశ్చయమును లేదు. ఆమె హైదరాబాదునకు తిరిగివచ్చుటను మీర్ ఆలము అడ్డగించగా, ఆమెను తల్లితో గూడ మచిలీపట్నమున ఉంచిరి. సముద్రతీరపు ఆ రేవు పట్టణమున ఆమె రస్సెల్ రాకకై, ఉత్తరములకై యెదురుచూచుచు కాలము గడిపెను. మద్రాసులో ఉద్యోగమునకు పోయిన రస్సెల్ రాకపోకలను తగ్గించి, తుదకు 1808లో మరియొక యువతిని పెండ్లాడెను. మీర్ ఆలము మరణానంతరము ఖైరున్నీసా హైదరాబాదు చేరుకొనగలిగినది. 1813 సెప్టెంబరులో ఆమె మరణించెను. అప్పటికి ఆమె వయస్సు సుమారు 27 సంవత్సరములు. రస్సెల్ అప్పటికే హైదరాబాదులో రెసిడెంటుగా నుండెను.

ఈ వృత్తాంతము విలియం డాల్రింపుల్ 2002లో వెలువరించిన ‘వైట్ మొగల్స్’ అను గ్రంథముచేత లోకమునకు విశేషముగా తెలిసినది. రస్సెల్‌ను క్రూరుడని చెప్పుట సులభము. కాని ఆతడు ఆమెను మోసగింపవలెనని పన్నాగము పన్నినట్లు కనబడదు. ఆతడు ఏమియు నిశ్చయించుకొనలేదు, అంతియే. ఒక స్త్రీ జీవితమున అంత పెద్ద స్థానమును పొందుటకు ఆతనికి నిర్ణయము అవసరము కాలేదు. దానిని వదలుటకును అవసరము కాలేదు. మచిలీపట్నపు మౌనము ఆ అనిశ్చయము యొక్క ఫలము.

పాతబస్తీ నిఖాలు

ఇక రూపముండియు సంకల్పము లేని బంధమునకు 20వ శతాబ్దపు హైదరాబాదు సాక్ష్యము చెప్పుచున్నది. ఆ నగరమునకును అరబ్బులకును సంబంధము ప్రాచీనము. యెమెను దేశములోని హజ్రమౌత్ ప్రాంతమునుండి వచ్చిన అరబ్బులు నిజాము సైన్యమున చేరిరి. వారి బారకాసుల పేరనే బార్కస్ పేట యేర్పడినది. వారు స్థానిక కుటుంబములతో వియ్యమంది, ఇండ్లు కట్టుకొని, చావుష్‌లను పేర నగరజీవనములో కలిసిపోయిరి. వారి మనుమలు, మునిమనుమలు నేటికిని అచట నున్నారు.

1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫు దేశములు సంపన్నములైనవి. అచటినుండి వృద్ధులైన ధనికులు కొందరు హైదరాబాదునకు వచ్చి, పాతబస్తీలోని పేదయింటి పిల్లలను పెండ్లాడి, కొన్ని దినములు లేక వారములు హోటళ్లలో ఉంచుకొని, విడిచిపోవు దురాచారము ప్రబలినది. కొందరిని వెంట గొనిపోయి ఇంటి దాసీలుగా చేసిరి. దళారులకు వాటాలుండెను. తల్లిదండ్రుల చేతికి అందిన సొమ్మునకు మహర్ అని పేరు. మహర్ వధువుదే యను నియమము ఇచట తలక్రిందులైనది. కొన్ని సందర్భములలో నిఖానామాతోబాటు తలాకు పత్రమును కూడ ముందే సిద్ధపరచినట్లు పత్రికలలో వెల్లడియైనది. ఇద్దత్ గడువకమునుపే మరియొక నిఖాకు త్రోయబడిన ఆడపిల్లలును గలరు. హైదరాబాదు నేపథ్యముగా సాగర్ సర్హదీ 1982లో తీసిన ‘బాజార్’ చలనచిత్రము ఈ దుఃఖమును దేశమునకు చూపినది. 1991 ఆగస్టులో హైదరాబాదునుండి ఢిల్లీకి పోవు విమానములో, వృద్ధుడైన అరబ్బు ప్రక్కన కూర్చుండి యేడ్చుచున్న ఒక చిన్నపిల్లను విమాన పరిచారిక చూచి, వివరము రాబట్టి, అధికారులకు తెలుపగా ఆ బాలిక రక్షింపబడెను. అప్పుడు దేశమంతట అలజడి చెలరేగినది. అంతటితో ఆ వ్యాపారము ఆగలేదు. 2017 సెప్టెంబరులో హైదరాబాదు పోలీసులు ఒమాన్, కతార్ దేశస్థులను, దళారులను, కొందరు ఖాజీలను అరెస్టు చేసిరి.

ఈ నిఖాలలో సాక్షులుండిరి, మహర్ ఉండెను, ఖాజీ యుండెను. వధువు సమ్మతి మాత్రము భయమున నోట వచ్చిన మాట. పసిపిల్లల విషయమున అదియు అర్థము లేనిది. బాల్యవివాహముల నిషేధపు చట్టము 2006లో వచ్చినను బీదరికము దానిని దాటిపోయెను. పూర్వ న్యాయవేత్తలు న్యాయాధికారికి కనబడదని వదలివేసిన ఆ దాగిన సంకల్పము ఇచట దాగియుండలేదు. తిరుగు ప్రయాణపు టిక్కెట్టు, హోటలు బిల్లు, ముందే వ్రాసిన తలాకు పత్రము – ఇవి దానిని బయటపెట్టిన సాక్ష్యములు. ఔజాయీ వాదమునకు పాతబస్తీ వెయ్యేండ్ల పిదప ఒక వ్యాఖ్యానము వ్రాసినది.

బార్కస్ పేటను దీనితో పోల్చి చూడవలెను. అరబ్బు వరుడు, హైదరాబాదు వధువు, నిఖా – మూడును రెండు చోట్ల గలవు. ఒకచోట మనుమలతో నిండిన ఇండ్లు మిగిలినవి. మరియొకచోట తిరిగిరాని మనిషి పేరు గల కాగితము మిగిలినది. కావున దోషమును మతమునకో జాతికో అంటగట్టుట తప్పు. ఈ దురాచారముపై పోరాడినవారిలో ముస్లిము స్త్రీలే ముందున్నారు. కవయిత్రి జమీలా నిషాత్ నెలకొల్పిన షాహీన్ సంస్థ పాతబస్తీ ఆడపిల్లల పక్షమున చేసిన కృషి ఇందులకు నిదర్శనము.

మనస్తత్వ శాస్త్రము చెప్పునది

ప్రేమను, ఎడబాటును మనశ్శాస్త్ర దృష్టితో పరిశీలించుట ముస్లిము పండితులకు క్రొత్త గాదు. కార్డోవాకు చెందిన ఇబ్న్ హజ్మ్ (994–1064) యౌవనములో, సుమారు 1022లో, ప్రేమను గూర్చి ‘తౌఖుల్ హమామా’ అను గ్రంథమును వ్రాసెను. చూచిన క్షణముననే ప్రేమించితిమనువారి మాటకు ఆతడు ఆశ్చర్యపడెను. తన మనసున ఏ ప్రేమయు దీర్ఘకాలపు చెలిమి లేక నాటుకొనలేదనియు, త్వరగా వచ్చినది త్వరగా పోవుననియు ఆతని యనుభవము. ఐనను స్వల్పకాలపు ప్రేమ లోతులేనిదని ఆతడనలేదు. ఆతడు వలచిన యువతి చిన్నవయసుననే మరణించినది. నెలల తరబడి తాను కట్టుబట్టలు మార్చుకొనలేదని ఆతడే వ్రాసికొనెను. గజాలీ (1058–1111) తన ‘ఇహ్యా’ గ్రంథమున వివాహపు ప్రయోజనములను ఐదింటిని చెప్పి, తుదిదానిగా ఆత్మశిక్షణను పేర్కొనెను. భార్యాబిడ్డల స్వభావములను ఓర్చుకొనుచు, వారికై శ్రమపడుచు మనుష్యుడు తన్ను తాను సరిదిద్దుకొనునని ఆతని భావము. ఓర్పు నేర్చుటకు కాలము కావలెను. స్వల్పకాలపు సంబంధము ఇయ్యలేని దేదియో దీనివలన తెలియుచున్నది.

ఆధునికులలో జాన్ బౌల్బీ (1907–1990) తల్లినుండి వేరుపడిన పిల్లలను పరిశీలించి, ఆ పిల్లలు మొదట గోలపెట్టి, పిదప క్రుంగి, తుదకు ఎవరిని పట్టించుకొనని స్థితికి వత్తురని తెలిపెను. పైకి శాంతముగా కనబడు ఆ మూడవ దశ నయమగుట కాదు, మనసు మూసికొనుటయే. అనుబంధమును గూర్చిన ఆతని మూడు సంపుటములు 1969, 1973, 1980లలో వెలువడినవి. 1987లో హేజన్, షేవర్ అను మనశ్శాస్త్రజ్ఞులు పెద్దల ప్రేమలో సైతము ఈ అనుబంధపు పోలికలే కనబడునని నిరూపింపబూనిరి. నమ్మకము గలవారు, విడిచిపోవుదురేమో యని నిరంతరము కలతపడువారు, దగ్గరితనమునకే జంకువారు అని మనుష్యులు పలు తెరగులు. మచిలీపట్నమున ఉత్తరమునకై యెదురుచూచిన స్త్రీని, నేడు అర్ధరాత్రి సెల్‌ఫోనులో జవాబునకై యెదురుచూచు యువతిని ఈ శాస్త్రము ఒకే వరుసలో నిలుపును.

స్టెర్న్‌బెర్గ్ 1986లో ప్రేమకు సాన్నిహిత్యము, ఆవేశము, కట్టుబాటు అను మూడు అంగములను చెప్పెను. ఆవేశము త్వరగా రగులును, త్వరగా చల్లారును. సాన్నిహిత్యము మెల్లగా పెరుగును. కట్టుబాటు నిర్ణయించుకొనుటచేత మాత్రమే కలుగును. 2006లో స్టాన్లీ, రోడ్స్, మార్క్‌మన్ అను అమెరికా పరిశోధకులు మరియొక ముఖ్య భేదమును చూపిరి. జంటలు కొన్ని తమ సంబంధములోని మెట్లను నిశ్చయించుకొని యెక్కుదురు. కొన్ని ఏమియు తలపోయకుండ ఒక మెట్టునుండి మరియొక మెట్టునకు జారుదురు. రెండు గదుల అద్దె యెందులకని ఒక గదిలో చేరుదురు. చేరిన పిదప విడిపోవుట కష్టము కావున కలిసియుందురు. అట్లు జారిన బంధములో ఒకరు పెండ్లి యనుకొనుట, మరియొకరు కాలక్షేపమనుకొనుట అరుదు కాదు. రస్సెల్ జారినవాడు. కర్క్‌ప్యాట్రిక్ నిశ్చయించుకొన్నవాడు. నియ్యతును గూర్చి నీతిశాస్త్రము పలికినదానినే మనశ్శాస్త్రము తన భాషలో పలికినట్లయినది.

ఐనను ఈ రెండింటిని ఒకటిగా కలిపివేయరాదు. ఇస్లాము నిఖా వెలుపలి దేహసంబంధమును పూర్తిగా నిషేధించును. ఉభయుల సమ్మతి యున్నను ఆ తీర్పు మారదు. మనశ్శాస్త్రమునకు నిషేధించు పని లేదు. అది ఫలితములను చూచును. స్వల్పకాలిక సంబంధము ప్రతివారిని సమముగా గాయపరచునని అది చెప్పదు. తమ యిష్టమున, తెలిసి ప్రవేశించినవారికంటె ఒత్తిడికి లోబడియో, ఒంటరితనమునకు భయపడియో, అవతలివారు మారుదురను ఆశతోనో ప్రవేశించినవారికి బాధ యెక్కువ యని కొన్ని పరిశోధనలు సూచించుచున్నవి. దారులు వేరైనను ఇరువురును అడుగు ప్రశ్న ఒక్కటియే: ఏ తలంపుతో ప్రవేశించితివి? ఆ తలంపు అవతలివారికి తెలియునా?

న్యాయస్థానము, ఇల్లు

హృదయమును చూడజాలనని పూర్వము న్యాయము చెప్పినది. నేటి భారత న్యాయము ఆ వైపునకు కొంత కన్ను త్రిప్పినది. 2005నాటి గృహహింస చట్టము వివాహము వంటి సంబంధములోని స్త్రీకిని రక్షణ కల్పించినది. ఏది అట్టి సంబంధమో తేల్చుటకు సుప్రీంకోర్టు 2013లో కర్ణాటకనుండి వచ్చిన ఒక వ్యాజ్యమున కొన్ని గుర్తులను చెప్పినది: కలిసియున్న కాలము, ఒకే కాపురము, ధనమును పంచుకొనుట, సంతానము, లోకము యెదుట మెలగిన తీరు, వీనితోబాటు ఉభయుల ఉద్దేశము. 2019లో మరియొక తీర్పున, చేసిన వాగ్దానమును నెరవేర్చలేకపోవుట వేరు, నెరవేర్చు తలంపే లేక వాగ్దానము చేయుట వేరు అని ఆ న్యాయస్థానము విడదీసి చెప్పినది. 2024 జులై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 69వ సెక్షను నెరవేర్చు ఉద్దేశము లేకుండ పెండ్లి వాగ్దానము చేసి స్త్రీతో దేహసంబంధము పెట్టుకొనుటను పదేండ్ల వరకు శిక్షార్హమైన నేరముగా చేసినది. ఇట్టి చట్టము దుర్వినియోగమగునను భయమును గలదు. తలంపును సాక్ష్యముతో నిరూపించుట సులభము కాదు. వెయ్యేండ్ల క్రిందటి న్యాయవేత్తలు తడబడిన చోటనే నేటి న్యాయమూర్తులును తడబడుచున్నారు.

దీర్ఘకాలము నిలుచుటయే గొప్పదని దీనినుండి తీర్మానించుటయు పొరబాటు. కొట్టు భర్తతో, త్రాగుబోతు భర్తతో నలుబది యేండ్లు గడిపిన స్త్రీ బంధము దీర్ఘమే. అది దయ లేని దైర్ఘ్యము. 1939లో వచ్చిన ముస్లిము వివాహముల రద్దు చట్టము స్త్రీకి విడాకులు కోరు హక్కును స్పష్టపరచినది ఇందులకే. ఒక్కసారిగా మూడు తలాకులు పలికి కాపురమును క్షణములో కూల్చు ఆచారమును 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కొట్టివేసినది. 2019లో పార్లమెంటు దానిని నేరముగా చేసినది. మొదటి చట్టము ముగింపునకు దారి తీసినది. రెండవది తొందరపాటు ముగింపును ఆపినది. ఈ రెండును పరస్పర విరుద్ధములు కావు. ముగింపునకు తావుండవలెను, కాని అది మర్యాదతోను బాధ్యతతోను కూడియుండవలెనన్న ఇద్దత్ నీతియే రెండింటిలోను గలదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానము దొరకుచున్నది. కర్క్‌ప్యాట్రిక్ దాంపత్యము స్వల్పకాలమున ముగిసినను దోషరహితము. రస్సెల్ సాన్నిహిత్యము నిర్ణయము లేక మొదలై మౌనమున ముగిసినది. పాతబస్తీ నిఖా ముగింపును లోపల పెట్టుకొనియే మొదలైనది. కాలపరిమాణము ఈ మూడింటిలో దేనిని వివరింపజాలదు. సంకల్పము మూడింటిని వివరించును. పేదరికము, వయోభేదము, ధనబలము సంకల్పలోపమునకు తోడైనపుడు గాయము ఎల్లప్పుడు బలహీనుని ప్రక్కనే పడును. ఆ బలహీనురాలు పెక్కుసార్లు ఆడపిల్లయే.

కావున బెంగుళూరునుండి కొడుకో కూతురో వచ్చి ఒక పరిచయము ముగిసినదని చెప్పినపుడు, ఎన్నాళ్లు సాగినది, ఎవరికి తెలిసినదని మొదట ఆరా తీయుట పెద్దల పని కాదు. ఒకరినొకరు ఏ మాట నమ్ముకొనిరి, ఎవరు నొచ్చిరి, మిగిలిన బాధ్యత యేమని విచారించుట వారి పని. ఇరుపక్షముల మధ్యవర్తులను కూర్చుండబెట్టవలెనను ఖురాను విధి కాపురములకై చెప్పినదే యైనను, దానిలోని వివేకము ఏ మతపు ఇంటికైనను పనికివచ్చునదే. అట్లు అడుగువారు ఇంట లేనపుడు ఆ బిడ్డలు తమ దుఃఖమును ఏ దర్గా గుమ్మముననో చెప్పుకొనవలసి వచ్చును. మురుగమల్లలో అమ్మా, బావా అను పిలుపులు నేటికిని వినబడుచున్నవి. ఆ రెండు పిలుపులకు జవాబు చెప్పవలసినవారు మొదట ఇండ్లలో నుండవలెను.